రిపోర్టులో యూరిక్ యాసిడ్ ఎక్కువుంటే గుండెకు ముప్పేనా?

పోయిన వేసవిలో మా పెదనాన్న ఫోన్ చేసి, "ఏరా, నా గుండెకేమైనా అవుతుందంటావా?" అని అడిగారు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఫుల్ బాడీ చెకప్ చేయించుకున్నారట, రిపోర్టు వాట్సాప్‌లో పంపించారు. పద్నాలుగు పేజీలు. తొమ్మిదో పేజీలో యూరిక్ యాసిడ్ 7.4 అని, పక్కన ‘హై’ అని లావు అక్షరాల్లో ఉంది. ఆయనకు 71 ఏళ్లు. బీపీ ఉంది, షుగర్ కొద్దిగా ఉంది, మాత్రలు వేళకు వేసుకుంటారు. ఈలోపు బంధువులెవరో ‘యూరిక్ యాసిడ్ పెరిగితే హార్ట్ ఎటాక్ ఖాయం’ అనే వీడియో పంపారు. ఆ రోజు నుంచే మా పెద్దమ్మ ఇంట్లో పప్పు, టమాటా, పాలకూర మానిపించేసింది.

ఆ వీడియో పూర్తిగా అబద్ధం చెప్పలేదు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజం. ఇది చాలా దేశాల్లో, చాలాసార్లు తేలిన విషయం. అయితే రెండూ కలిసి కనబడుతున్నాయి కాబట్టి ఒకటి రెండోదాన్ని తెచ్చిపెడుతోందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి వైద్యశాస్త్రానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ యాసిడ్ అసలు ఎక్కడి నుంచి వస్తుంది

మన కణాల్లో ప్యూరిన్లు అనే పదార్థాలుంటాయి. డీఎన్ఏలో ఉన్నవి ఇవే. కండరాన్ని కదిలించే శక్తి అణువు ఏటీపీలోనూ ఉన్నది ఇవే. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పాత కణాలు పోయి కొత్తవి వస్తున్నప్పుడు, ఏటీపీ ఖర్చయి విరిగిపోతున్నప్పుడు ఈ ప్యూరిన్లు విడివడతాయి. వాటిని శాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ చివరికి యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది.

చాలా జంతువుల్లో దీన్ని ఇంకా కరిగే పదార్థంగా మార్చే యూరికేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మనుషులు, గొరిల్లా, చింపాంజీ లాంటి జాతులు దాన్ని పరిణామ క్రమంలో కోటి ఏళ్లకు పైగా కిందటే పోగొట్టుకున్నాయి. అందుకే మన రక్తంలో యూరిక్ యాసిడ్ చాలా జంతువుల కంటే ఎక్కువ.

రోజూ తయారయ్యే దాంట్లో సుమారు మూడింట రెండు వంతులు ఒంట్లోని కణాల నుంచే వస్తుంది, తిండి వాటా మిగతా ఒక వంతే. బయటికి పోయేటప్పుడు సుమారు రెండు వంతులు కిడ్నీల ద్వారా మూత్రంలో, మిగతాది పేగుల ద్వారా పోతుంది. కిడ్నీల వాటాను గుర్తు పెట్టుకోండి, కథలో సగం అక్కడే ఉంది.

మరి ‘హై’ అనే గీత ఎక్కడ గీశారు? రక్తంలో డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే యూరిక్ యాసిడ్ పూర్తిగా కరిగి ఉండలేదు, స్ఫటికాలుగా పేరుకునే వీలుంటుంది. కాఫీలో పంచదార వేస్తూ పోతే ఒక దశ తర్వాత గ్లాసు అడుగున మిగిలిపోతుంది చూడండి, అలాగ. ల్యాబులు సాధారణంగా మగవాళ్లకు 7, ఆడవాళ్లకు 6 దగ్గర హద్దు పెడతాయి. అంటే ఆ గీత ప్రధానంగా కీళ్లలో స్ఫటికాల గురించి, జనంలో మామూలుగా కనబడే అంకెల గురించి. గుండెపోటు ఎక్కడ మొదలవుతుందో చూసి గీసినది కాదు.

వయసు మీద పడితే అంకె ఎందుకు పెరుగుతుంది

వయసుతో కిడ్నీల వడపోత నెమ్మదిస్తుంది, యాసిడ్ లోపలే ఎక్కువ మిగులుతుంది. ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్ హార్మోను ఉన్నంతకాలం యూరిక్ యాసిడ్‌ను బయటికి తోస్తుంటుంది. బహిష్టులు ఆగిపోయాక ఆ సాయం తగ్గి అంకె పెరుగుతుంది. ఒంట్లో కొవ్వు, ముఖ్యంగా పొట్ట చుట్టూ పెరిగి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను ఇంకాస్త పట్టి ఉంచుతాయి.

మాత్రల సంగతి చాలామందికి తెలియదు. పెదనాన్నను ఆయన బీపీ మాత్రల స్ట్రిప్ ఫొటో తీసి పంపమన్నాను. వెండి రంగు రేకు మీద పేరు, దాని చివర ‘హెచ్’ అక్షరం. కింద చిన్న అక్షరాల్లో టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మిల్లీగ్రాములు. ఆ రెండోది నీటి మాత్ర, ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రం ద్వారా పంపించి బీపీ తగ్గిస్తుంది. మంచి మందే, చవకైన మందే. కానీ యూరిక్ యాసిడ్‌ను లోపల నిలిపేస్తుంది. గుండె కోసం వేసుకునే చిన్న డోసు ఆస్పిరిన్‌దీ అదే గుణం. టీబీకి ఇచ్చే పైరజినమైడ్ ఇంకా ఎక్కువగా పెంచుతుంది.

దీనికి వ్యతిరేకంగా పనిచేసే మందులూ ఉన్నాయి. బీపీకి ఇచ్చే లోసార్టాన్, షుగరుకూ గుండె బలహీనతకూ ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్ వంటివి తమ అసలు పని చేస్తూనే యూరిక్ యాసిడ్‌ను కాస్త దించుతాయి.

ఇప్పుడు పెదనాన్న 7.4ను మళ్లీ చూడండి. అదే రిపోర్టు ఐదో పేజీలో క్రియాటినిన్ 1.4 ఉంది, అంటే కిడ్నీలు కొంచెం వెనకబడ్డాయి. రోజూ నీటి మాత్ర, ఆస్పిరిన్, కాస్త పొట్ట, షుగరు. ఇన్ని కారణాలున్నాక ఆయన తిన్న పప్పు దాకా వెళ్లనే అక్కర్లేదు.

గుండెతో సంబంధం: పెద్ద అధ్యయనాలే తలోమాట చెప్పాయి

1999లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం 6,700 మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించి, బీపీని, నీటి మాత్రలను, మిగతా కారణాలను లెక్కలోకి తీసుకున్నాక యూరిక్ యాసిడ్‌కు సొంతంగా గుండె జబ్బు తెచ్చే పాత్ర కనబడలేదని చెప్పింది. ఆ మరుసటి ఏడాదే అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే సమాచారాన్ని పరిశీలించిన మరో బృందం, మిగతా కారణాలను పక్కన పెట్టినా యూరిక్ యాసిడ్ పెరిగేకొద్దీ గుండె జబ్బు మరణాలు పెరుగుతున్నాయని రాసింది. 2006లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 55 ఏళ్లు దాటిన వాళ్ల మీద జరిగిన అధ్యయనం కూడా గుండెపోటుకు, పక్షవాతానికి సంబంధం ఉందనే తేల్చింది.

ముగ్గురూ నిజాయితీగానే లెక్కవేశారు. మరి ఎందుకీ తేడా? దీనికి ఒక ఊహాలెక్క వేద్దాం. అంకెలు అర్థం కావడానికి పెట్టుకున్నవే, ఏ అధ్యయనం నుంచీ తీసుకున్నవి కావు.

యూరిక్ యాసిడ్ ఎక్కువున్న పెద్దవాళ్లు 100 మంది, మామూలుగా ఉన్నవాళ్లు 100 మంది అనుకుందాం. మొదటి గుంపులో 60 మందికి బీపీయో కిడ్నీ జబ్బో ఉంది, రెండో గుంపులో 20 మందికే ఉంది. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో వందకు 20 మందికి, లేనివాళ్లలో వందకు 5 మందికి గుండె జబ్బు వస్తుందనుకుందాం. యూరిక్ యాసిడ్ దీంట్లో ఏమీ చేయట్లేదని కూడా అనుకుందాం. మొదటి గుంపులో 60 మందిలో 12, మిగతా 40 మందిలో 2, మొత్తం 14 మందికి జబ్బు వస్తుంది. రెండో గుంపులో 20 మందిలో 4, మిగతా 80 మందిలో 4, మొత్తం 8 మందికి. ఒకవైపు 14, ఒకవైపు 8. యూరిక్ యాసిడ్ ఏ పాపం చేయకపోయినా ‘అది ఎక్కువుంటే గుండె జబ్బు ఒకటిన్నర రెట్లకు పైనే’ అనే శీర్షిక తయారైపోయింది.

పొలంలో నీళ్లు పెడితే కొంగలు వాలతాయి. దూరం నుంచి కొంగలను చూసి ‘అక్కడ నీళ్లు పారుతున్నాయి’ అని చెప్పొచ్చు, అది సరైన మాటే. కానీ కొంగలను తోలేస్తే మడిలో నీళ్లు తగ్గవు. యూరిక్ యాసిడ్ కొంగా, నీళ్లా అన్నదే అసలు వివాదం.

కారణమే అనేవాళ్ల వాదన

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2001లో ఎలుకలకు యూరికేజ్‌ను అడ్డుకునే మందిచ్చి యూరిక్ యాసిడ్‌ను పెంచితే వాటికి బీపీ వచ్చింది, యాసిడ్‌ను దించితే బీపీ తగ్గింది. 2008లో అమెరికాలో కొత్తగా బీపీ బయటపడిన 30 మంది కౌమారవయసు పిల్లలకు యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ ఇస్తే వాళ్ల బీపీ దిగింది. దీనికి తగిన యంత్రాంగమూ ఉంది. శాంథీన్ ఆక్సిడేజ్ పనిచేస్తున్నప్పుడు యూరిక్ యాసిడ్‌తో పాటు కణాలను గాయపరిచే ఆక్సిజన్ రాడికల్స్ పుడతాయి. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటే నాళం సరిగ్గా వదులు కాదు.

పైన వేసిన లెక్క మీద కూడా వీళ్లకు గట్టి అభ్యంతరం ఉంది. యూరిక్ యాసిడే బీపీని పెంచి, ఆ బీపీ గుండెను పాడుచేస్తుంటే, బీపీని పక్కన పెట్టి చూస్తే యూరిక్ యాసిడ్ చేసిన పని కూడా పక్కకు పోతుంది కదా? దొంగ వచ్చిన దారిని మూసేసి దొంగే లేడంటే ఎలా అంటారు. ఫ్రేమింగ్‌హామ్ ఫలితం మీద విమర్శ సరిగ్గా ఇదే. జనాన్ని ఊరికే గమనించే అధ్యయనాలు ఎన్ని చేసినా ఈ ముడి విప్పడం కష్టం.

పుట్టుకతో వచ్చిన జన్యువులను అడిగితే

కొందరికి యూరిక్ యాసిడ్ జన్యువుల వల్లనే ఎక్కువ. కిడ్నీలో, పేగులో దాన్ని అటూ ఇటూ మోసే ప్రోటీన్ల జన్యువుల్లో చిన్న తేడాలుంటాయి. ఎవరికి ఏ జన్యువు వస్తుందన్నది తల్లి కడుపులోనే చీటీ తీసినట్టు తేలిపోతుంది. తిండి, మాత్రలు, బీపీ ఆ చీటీని మార్చలేవు. యూరిక్ యాసిడే గుండెను పాడుచేసేదైతే, పుట్టినప్పటి నుంచీ అది ఎక్కువుండే జన్యువులున్నవాళ్లలో గుండె జబ్బులూ ఎక్కువగా ఉండాలి.

2016లో రెండు పెద్ద పరిశోధనలు ఈ దారిలో వెతికాయి. కీళ్లలో స్ఫటికాలు పేరుకుని నొప్పి పుట్టించే గౌట్ జబ్బు విషయంలో సంబంధం స్పష్టంగా కనబడింది. గుండె రక్తనాళాల జబ్బు విషయంలో మాత్రం యూరిక్ యాసిడ్ కారణమనడానికి నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. నా దృష్టిలో కొంగల వైపు త్రాసు మొదటిసారి బరువుగా మొగ్గింది ఇక్కడే.

మందిచ్చి తగ్గించి చూశారు

అల్లోప్యూరినాల్‌ను కనిపెట్టిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ వచ్చింది. ఈ హిచింగ్స్ కూడా హార్వర్డ్‌లో ఫిస్కే దగ్గరే, సుబ్బారావు గారున్న రోజుల్లోనే పనిచేశాడు. ఆ మందుతోనే 2022లో బ్రిటన్ నుంచి ఆల్‌హార్ట్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. పెద్దవయసువాళ్ల విషయంలో అన్నిటికంటే నేరుగా ప్రశ్న వేసింది ఇదే.

60 ఏళ్లు దాటి, గుండె రక్తనాళాల జబ్బు ఉండి, గౌట్ లేనివాళ్లను 5,700 మందికి పైగా తీసుకున్నారు. సగటు వయసు 72 దగ్గర. సగం మందికి మామూలు చికిత్సతో పాటు రోజుకు 600 మిల్లీగ్రాముల వరకు అల్లోప్యూరినాల్, మిగతా సగానికి మామూలు చికిత్స మాత్రమే. సగటున దాదాపు ఐదేళ్లు చూశారు. మందు తీసుకున్నవాళ్ల యూరిక్ యాసిడ్ ఆరు వారాల్లోనే సుమారు 5.7 నుంచి 3కి పడిపోయింది. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణం కలిపి చూస్తే మందు గుంపులో 11.0 శాతం, రెండో గుంపులో 11.3 శాతం. అంటే తేడా లేదు. అంకె సగానికి దిగినా గుండెకు ఒరిగిందేమీ లేదు.

దీని మీదా న్యాయమైన ప్రశ్నలున్నాయి. మందు ఇచ్చినవాళ్లలో సగానికి పైగా మధ్యలోనే మానేశారు. పైగా చేరినవాళ్ల సగటు యూరిక్ యాసిడ్ 5.7, అసలు ఎక్కువే కాదు. 8, 9 ఉన్నవాళ్లలో వేరే ఫలితం రావచ్చేమో అని అడగడంలో తప్పు లేదు.

జపాన్‌లో 2019లో వచ్చిన ఫ్రీడ్ ట్రయల్ ఆ వైపు కొంత వెళ్లింది. 65 దాటి, యూరిక్ యాసిడ్ 7 నుంచి 9 మధ్య ఉన్న 1,070 మందిలో కొందరికి యూరిక్ యాసిడ్ తగ్గించే మరో మందు ఫెబుక్సోస్టాట్ ఇచ్చారు. గుండె, మెదడు, కిడ్నీ సమస్యలన్నీ కలిపిన లెక్కలో మందు గుంపుకు 23.3 శాతం, రెండో గుంపుకు 28.7 శాతం. చూడటానికి బాగుంది. కానీ విడదీసి చూస్తే ఆ తేడాలో ఎక్కువ భాగం కిడ్నీ పరీక్షల్లోదే, గుండె, మెదడు జబ్బుల్లో గట్టి తేడా లేదు. ఆ కిడ్నీ ఆశ మీద కూడా 2020లో వచ్చిన రెండు ట్రయళ్లు నీళ్లు చల్లాయి. అల్లోప్యూరినాల్ కిడ్నీ పనితీరు పడిపోవడాన్ని ఆపలేదు.

గౌట్ ఉంటే కథ వేరు

ఇప్పటిదాకా చెప్పుకున్నది అంకె ఎక్కువుండి నొప్పి లేనివాళ్ల గురించి. గౌట్ అంటే స్ఫటికాలు కీలులో పేరుకుని ఒంట్లోని రక్షణ కణాలు వాటి మీద పడటం. రాత్రికి రాత్రి కాలి బొటనవేలి మొదలు దగ్గర ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. ఏళ్లతరబడి ఉండే మడమ నొప్పులకూ మోకాళ్ల అరుగుదలకూ యూరిక్ యాసిడ్‌ను నిందించడం మన దగ్గర మామూలైపోయింది గానీ, వాటిలో చాలావాటికి దీనితో సంబంధం ఉండదు.

గౌట్ నొప్పి అంటే ఒంట్లో ఒక పెద్ద మంట, డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది. అది కీలు దగ్గరే ఆగదు. 2022లో బ్రిటన్‌లోని 62 వేల మందికి పైగా గౌట్ రోగుల రికార్డులు పరిశీలిస్తే, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లలో అంతకు ముందరి 60 రోజుల్లో గౌట్ తిరగబెట్టి ఉండటం దాదాపు రెండింతలు ఎక్కువగా కనిపించింది. గౌట్ నొప్పికిచ్చే కాల్చిసిన్ యూరిక్ యాసిడ్‌ను తగ్గించదు, మంటను మాత్రమే అణచుతుంది. అయినా 2019, 2020ల్లో వచ్చిన రెండు ట్రయళ్లలో చిన్న డోసు కాల్చిసిన్ గుండె రోగుల్లో కొత్త సమస్యలను తగ్గించింది. గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టిన మరో పెద్ద ట్రయల్‌లో 2024లో తేడా కనబడలేదు, కాబట్టి ఆ కథ ఇంకా ముగియలేదు. అయినా ముప్పు యాసిడ్ అంకెలో కన్నా మంటలో ఉందేమోననే అనుమానాన్ని ఇది బలపరుస్తోంది.

మందు ఎంపిక దగ్గర కూడా ఒక చిక్కుంది. 2018లో కేర్స్ ట్రయల్‌లో గుండె జబ్బున్న గౌట్ రోగులకు ఫెబుక్సోస్టాట్ ఇస్తే అల్లోప్యూరినాల్‌తో పోలిస్తే గుండె మరణాలు ఎక్కువ కనిపించాయి, 3.2 శాతానికి బదులు 4.3 శాతం. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. 2020లో యూరప్‌లో 6,128 మందితో జరిగిన ఫాస్ట్ ట్రయల్‌లో ఆ ప్రమాదం కనబడలేదు. కేర్స్‌లో దాదాపు సగం మంది మధ్యలోనే వెళ్లిపోయారు కాబట్టి చాలామంది ఫాస్ట్‌నే ఎక్కువ నమ్ముతారు. అల్లోప్యూరినాల్‌కు దాని ప్రమాదం దానికుంది. అరుదుగా కొందరికి ఒళ్లంతా బొబ్బలెక్కి ప్రాణం మీదికొస్తుంది, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో ఆ భయం ఎక్కువ. నొప్పీ గౌటూ లేని 70 ఏళ్ల మనిషికి అంకె కోసమే ఏళ్లతరబడి మాత్ర రాసేముందు తూచవలసిన బరువు ఇదే.

తక్కువుంటే మంచిదనీ కాదు

చాలా అధ్యయనాల్లో గీత ఆంగ్ల ‘యు’ అక్షరంలా వస్తుంది. ఎక్కువున్న వాళ్లతో పాటు బాగా తక్కువున్న వాళ్లలోనూ మరణాలు పెరుగుతాయి. పెద్దవాళ్లలో బాగా తక్కువ అంకె చాలాసార్లు సరిగ్గా తినకపోవడానికి, కండ కరిగిపోవడానికి గుర్తు. అక్కడ కూడా అది కొంగే.

పార్కిన్సన్స్ జబ్బులో ఇదే తిరగబడి జరిగింది. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లలో ఆ జబ్బు నెమ్మదిగా ముదురుతోందని చూసి, అయితే కావాలనే పెంచుదామని ఒక ట్రయల్ చేశారు. 2021లో ఫలితం వచ్చింది. అంకె పెరిగింది గానీ జబ్బు నెమ్మదించలేదు.

దేశానికో మాట, పప్పుకో న్యాయం

నొప్పి లేకుండా యూరిక్ యాసిడ్ మాత్రమే ఎక్కువుంటే మందు మొదలుపెట్టవద్దనే వైపు కీళ్ల జబ్బుల డాక్టర్ల సంఘమైన అమెరికా రుమటాలజీ కాలేజీ 2020 మార్గదర్శకాలు మొగ్గు చూపాయి. ఒక్క గౌట్ నొప్పిని ఆపడానికి 24 మందికి మూడేళ్లపాటు మందివ్వాల్సి వస్తుందన్నది వాళ్ల లెక్క. జపాన్‌లో మాత్రం కిడ్నీ, బీపీ సమస్యలుంటే 8 దగ్గర, ఏమీ లేకపోతే 9 దగ్గర మందు గురించి ఆలోచించే పద్ధతి ఉంది. ఇద్దరూ అవే పరిశోధనలు చదివారు. తేలని చోట ఏ తప్పు చేయడం తక్కువ నష్టమన్న అంచనాలోనే తేడా.

తిండి విషయంలో ఇంత గందరగోళం లేదు. 2004లో అమెరికాలో 47 వేల మంది మగవాళ్లను పన్నెండేళ్లు గమనించిన అధ్యయనంలో మాంసం, చేపలు, రొయ్యల లాంటివి ఎక్కువ తిన్నవాళ్లకు గౌట్ ఎక్కువ వచ్చింది. ప్యూరిన్లు ఎక్కువుండే కూరగాయలు, పప్పు జాతివి తిన్నవాళ్లకు రాలేదు. పాలు, పెరుగు ఎక్కువ తీసుకున్నవాళ్లకు తక్కువ వచ్చింది. మద్యం, ముఖ్యంగా బీరు, తీపి కూల్‌డ్రింకులు పెంచేవే. 70 దాటిన శాకాహారి ఇంట్లో కంచంలో మిగిలిన ప్రోటీన్ పప్పూ పెరుగే. మా పెద్దమ్మ మంచి మనసుతో తీసేసింది ఆ పప్పునే. మూడు నెలల్లో పెదనాన్న ముఖం పీక్కుపోయింది, బరువు కూడా తగ్గారు.

ఆ తర్వాత ఆయన్ను చూసిన డాక్టరు యూరిక్ యాసిడ్‌కు ఏ మందూ రాయలేదు. నీటి మాత్ర లేని బీపీ మందుకు మార్చారు. పెన్నుతో తొమ్మిదో పేజీ 7.4ను వదిలేసి, ఐదో పేజీ క్రియాటినిన్ 1.4 చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘3 నెలలకు మళ్లీ, మూత్రంలో ప్రోటీన్ కూడా’ అని రాశారు. పప్పు మళ్లీ మొదలైంది.